ఆచార్యుని రెండు కొలువులు

ఈ నడుమ ఉన్నతవిద్యాసంస్కరణమను మాట వినబడని నెల లేదు. విశ్వవిద్యాలయములలోని యాచార్యులు పాఠము చెప్పుటయందు శ్రద్ధ వహింపవలెనా, క్రొత్త సంగతులను శోధించి లోకమునకు వెల్లడించుటయందు శ్రద్ధ వహింపవలెనా, రెండును చేయవలెనన్నచో దీని కెంతపాలు, దాని కెంతపాలు అను వాదము పెద్దలలో సాగుచున్నది. ఇది కచ్చేరీలలో తెగవలసిన తగవు గదా, మన కెందుకని సోదరీమణులు కొందఱు పుటను త్రిప్పివేయుదురేమో. అట్లు చేయవలదని మా మనవి. ఆ తరగతిలో కూర్చుండునది మన బిడ్డ. జీతము కట్టునది మన యిల్లు. మా భోగాపురమున ప్రొద్దుననే పెద్దరోడ్డుప్రక్క నిలుచుండి చూచినచో, విశాఖపట్టణమున కొందఱు, విజయనగరమునకు శ్రీకాకుళమునకు కొందఱు, పుస్తకముల సంచులు భుజమున వైచుకొని బస్సులకొఱకు కాచియుండు ఆడుపిల్లలు కానవత్తురు. సాయంకాలము ఆ సంచిలో ఇంటికి వచ్చునది యేమి? మా ప్రశ్న యింతమాత్రమే.

తగవు క్రొత్తది కాదు. కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున గణదాసుడు, హరదత్తుడు అను నిద్దఱు నాట్యాచార్యులు నేనెక్కుడనగా నేనెక్కుడని రాజసన్నిధికి వత్తురు. అచట మధ్యస్థురాలిగా కూర్చుండినది కౌశికి యను పరివ్రాజిక; అనగా తీర్పు చెప్పినది ఒక స్త్రీ. ఈ సంగతిని మన పండితులు అంతగా ఎత్తిచూపరు. కొందఱి విద్య తమయందే రాణించుననియు, కొందఱికి దానిని పరులకు సంక్రమింపజేయు నేర్పు మెండనియు, రెండును గలవానినే ఉపాధ్యాయులకు మొదట నిలుపవలెననియు ఆమె మాటల సారము. అంతతో పోనీయక, శిష్యురాండ్రను రంగమునకు రప్పించి, వారి యాటను చూచి గురువుల యోగ్యతను నిర్ణయింపవలెనని ఏర్పాటు చేసినది. ఆచార్యులు తమ గొప్పలను తాటాకులపై వ్రాసి తెచ్చి యొప్పగింపవలెనని యడుగలేదు. ఈ మాటను పాఠకురాండ్రు కొంచెము జ్ఞాపకముంచుకొందురుగాక.

అంతకు పూర్వపుదైన తైత్తిరీయోపనిషత్తున శీక్షావల్లియందు సత్యము, తపస్సు, అగ్నిహోత్రము, అతిథిసేవ, సంతానము మున్నగు ధర్మములను ఒక్కొక్కటిగా చెప్పుచు, ప్రతిదానికిని స్వాధ్యాయప్రవచనములను, అనగా తాను చదువుటను పరులకు చెప్పుటను, జతచేసినారు. మా తండ్రిగారు మాకు ఇంట పాఠము చెప్పిన దినములలో దానిని వ్రేళ్లపై లెక్కింపజేయగా పండ్రెండు మాఱులు తేలినది. చివరకు నాకుడను ముని, ఆ రెండే చాలును, అదియే తపస్సని తేల్చివేసినాడు. ఆ పట్టికలో ఇల్లు, బిడ్డలు, అతిథులు నుండుట మా కెంతయు ముచ్చట. చదువు సంసారమును విడిచి కొండ యెక్కవలసిన పని కాదని వారికి తెలియును.

ఇక నేటికి వత్తము. ఆంగ్లేయులు 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో నెలకొల్పిన విశ్వవిద్యాలయములలో మొదట పాఠములును లేవు, పరిశోధనయును లేదు. లండను విశ్వవిద్యాలయము మాదిరిని అవి పరీక్షలు పెట్టి పట్టములిచ్చు కార్యాలయములు. బోధన యంతయు కాలేజీల వంతు. జర్మనీలో మాత్రము 1810లోనే హుంబోల్టు అను విద్యావేత్త తలపున పుట్టిన బెర్లిను విశ్వవిద్యాలయము, ఆచార్యుడును శిష్యుడును కలిసి శోధించుటయే ఉన్నతవిద్య యని నియమము చేసికొనినది. ఐర్లాండున న్యూమను అను మతాచార్యుడు ఆ శతాబ్దపు నడుమ దానికి విరుద్ధముగా వాదించెను. విశ్వవిద్యాలయము బోధనకొఱకే, పరిశోధనయే ప్రధానమైనచో విద్యార్థు లేల యని యాయన యడిగినాడు. అడిగిన తీరు చూడగా మా వీథిలోని యిల్లాండ్రును అదే యడుగుదురు.

మన ఆంధ్రవిశ్వవిద్యాలయము 1926 ఏప్రిల్ 26న బెజవాడ కేంద్రముగా పుట్టి, 1930లో వాల్తేరు చేరినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి ఉపాధ్యక్షులు. 1931 మొదలు 1936 వఱకు సర్వేపల్లి రాధాకృష్ణగారు, మరల 1936 మొదలు 1949 వఱకు రెడ్డిగారే ఆ పీఠము నధిష్ఠించిరి. జయపురాధీశ్వరులైన విక్రమదేవవర్మగారు ఏటేట లక్షరూపాయలు దానము చేయుచు రాగా విజ్ఞానశాస్త్రముల కళాశాల వెలసినది. పరీక్షలు పెట్టి ఊరకుండక, ఆచార్యులను తెచ్చి తమ యావరణముననే బోధింపజేయవలెనని, ఆ ఆచార్యులు శోధకులుగా నుండవలెనని ఆ యిద్దఱును పట్టుపట్టిరి. హుమాయూన్ కబీరు, హీరేను ముఖర్జీ, వి.కె.ఆర్.వి. రావు మున్నగువారు పడుచువయస్సున అచట పాఠము చెప్పినవారే.

రసాయనశాస్త్రమునకు వచ్చిన తిరువెంకట రాజేంద్ర శేషాద్రిగారి కథ స్త్రీలకు ప్రత్యేకముగా చెప్పదగినది. ఆయన వాల్తేరున 1949 వఱకు నుండి పిదప ఢిల్లీకి పోయిరి. 1960లో లండను రాయల్ సొసైటీవారు ఆయనను సభ్యునిగా గైకొనిరి. ఆయన తన శిష్యులచేత శోధింపజేసిన దేమి? పువ్వుల రంగులు. ప్రత్తిపువ్వు పచ్చదనమెక్కడిది, గోగుపువ్వులో నేమి పదార్థము గలదు అనునవి. దొడ్డిలో గోగుచెట్టు పూచి ముదిరినదని కోసి పాఱవేయు మనకు, ఆ పువ్వునుండి తీసిన వర్ణద్రవ్యములమీద మన పిల్లలు వ్రాసిన పత్రములు బెంగుళూరు శాస్త్రపరిషత్తువారి పత్రికలో అచ్చుపడినవని తెలిసిన నవ్వు వచ్చును, గర్వమును కలుగును. రెండవ ప్రపంచయుద్ధకాలమున విశ్వవిద్యాలయపు భవనములను సైన్యము తీసికొనగా గుంటూరునకు మూట కట్టుకొని పోవలసివచ్చినను ఈ పని చెడలేదు. పువ్వు ఎచ్చటనైనను దొరకును. గురువు ప్రక్కనే యున్నాడు.

బోధనకును శోధనకును గల బంధుత్వమును చూపుటకు కల్యంపూడి రాధాకృష్ణరావుగారి చరిత్రకు మించినది మా యెఱుకలో లేదు. ఆయన 1920లో జనించి, విశాఖపట్టణమున చదివి, 1940లో ఆంధ్రవిశ్వవిద్యాలయమున గణితమున ఎం.ఏ. పట్టమందిరి. వారి తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినము తెల్లవాఱుజామున నాలుగు గంటలకు లేపి, నూనెదీపము వెలిగించి, చదువుమని కూర్చుండబెట్టెడివారట. ఆ ఋణమును తలచి రావుగారు తమ గ్రంథమొకటి యామెకు అంకితమిచ్చిరి. ఆయన కలకత్తా చేరి, ఇరువదిమూడేండ్ల ప్రాయమున అచటి విశ్వవిద్యాలయమున సంఖ్యాశాస్త్రము బోధించుచుండిరి. కొలతలు లెక్కలేనన్ని యున్నప్పుడు మన యంచనా ఎంతవఱకు నిక్కముగా నుండగలదో తెలుపు ఫిషరుగారి సూత్రమొకటి యానాడు పాఠము. శిష్యుడు దాండేకరు లేచి, కొలతలు కొద్దిపాటివే యైనప్పుడు ఈ సూత్రము నిలుచునా యని యడిగెను. గురువునకు వెంటనే సమాధానము తోచలేదు. ఇంటికి పోయి ఆ రాత్రి కూర్చుండి సాధించి, మఱునాడు తరగతిలో చెప్పిరి. 1945లో కలకత్తా గణితసంఘపు పత్రికలో వెలువడిన ఆ ఫలితము క్రామర్-రావు పరిమితి యను పేర నేడు లోకమంతట సంఖ్యాశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు నేర్చునది. 2023లో ఆయనకు సంఖ్యాశాస్త్రమున అంతర్జాతీయ బహుమానము వచ్చినది. ఆ యేడే ఆగస్టు 22న నూటరెండేండ్లు నిండి, నూటమూడవయేట, పరమపదించిరి.

ఆనాడు తరగతికి పోవుట దండుగ యని రావుగారు తలచియుండినచో ఆ ప్రశ్న పుట్టకుండెడిది. ఆయన పాఠ్యపుస్తకమును వల్లించి పోవు వాడైనచో ఆ ప్రశ్నకు సమాధానము రాకుండెడిది. అడుగవచ్చునను ధైర్యము శిష్యునకు లేకపోయినను కథ లేదు.

విశ్వవిద్యాలయముల గడప త్రొక్కనక్కఱలేక ఈ రెండును చేసినవారును మన ప్రాంతమున గలరు. శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరిరి. తరగతిలో చరిత్ర చెప్పుచు, ముఖలింగము గుడిగోడలమీది శాసనములను తమంతట తాము చదువ నేర్చిరి. ఒక సవరవానిని ఇంట నుంచుకొని, అతని నోట భాష నేర్చి, 1931లో సవరభాషా వ్యాకరణమును, తరువాత నిఘంటువును వెలువరించిరి. తమ వ్యయముతో సవరపిల్లలకు బడులు పెట్టి వారి భాషలోనే చదువు చెప్పించిరి. ఇంట నింకొకడు చేరి యేండ్లు గడుపగా అతనికి అన్నము వండి పెట్టినవారి పేరు ఏ గ్రంథమునను పడలేదు గాని, వారిని మేము తలచుకొనుచున్నాము. బడిపంతులు ఇల్లాలిమి గదా. (గ్రాంథికభాషను వదలి వాడుకభాషలో వ్రాయుడని యుద్యమించిన మహానుభావుని గూర్చి మేమీ భాషలో వ్రాయుచున్నందుకు ఆయన యాత్మ నవ్వుకొనునేమో! మాకు అబ్బినది యిదియే.)

మంచి వంశమున పుట్టిన ఈ విద్యకు చిక్కులెట్లు వచ్చినవి? స్వాతంత్ర్యము వచ్చిన వెంటనే, 1948లో, రాధాకృష్ణగారి యధ్యక్షతననే విశ్వవిద్యాలయవిద్యా సంఘము ఏర్పడినది. ఏటికి పరీక్షల దినములు గాక 180 దినములైనను పాఠములు జరుగవలెనని ఆ సంఘమువారు విధించి, శోధనను విశ్వవిద్యాలయముల స్వధర్మముగా చెప్పిరి. ఇంతలో వేఱొక ప్రవాహము బయలుదేఱినది. 1942లో వైజ్ఞానిక పారిశ్రామిక పరిశోధనా మండలి ఏర్పడి, దాని క్రింద జాతీయ ప్రయోగశాలలు దేశమంతట లేచినవి. 1945లో బొంబాయిలో టాటా మౌలిక పరిశోధనాలయము వెలసినది. అవి చేసిన మేలు మేము కాదనము. కాని ధనము, పరికరములు, చుఱుకైన పడుచువారు అటు పోగా, పిల్లలుండు చోట పరికరము లేదు, పరికరముండు చోట పిల్లలు లేరు. ఈ యెడబాటును గూర్చి మేఘనాథ్ సాహా వంటివారు ఆనాడే మొఱపెట్టిరి.

తరువాతి చిక్కు లెక్కలవలన వచ్చినది. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారు 2010లో ఆచార్యుల పదోన్నతికి మార్కులు ఏర్పఱచిరి. పత్రము వ్రాసినచో ఇన్ని, పుస్తకమునకు ఇన్ని, సభలో చదివినచో ఇన్ని. ఉద్దేశము మంచిదే, ఊరక కూర్చుండువానిని కదల్చుటకు చేసినది. కాని ఏమైనది? డబ్బు పుచ్చుకొని యేది పంపినను అచ్చువేయు పత్రికలు వర్షకాలపు పుట్టగొడుగులవలె లేచినవి. 2018 మేలో ఆ సంఘమువారే తమ యామోదపు పట్టికనుండి 4,305 పత్రికలను తొలగింపవలసి వచ్చినదనగా, దాని లోతును మనము ఊహించుకొనవచ్చును. బోధనకు మాత్రము తూనిక దొరకలేదు. ఎన్ని గంటలు చెప్పినాడో లెక్కింపవచ్చును. ఎట్లు చెప్పినాడో లెక్కించుటకు కౌశికి వంటి మధ్యస్థురాలు కావలెను. 2018 నియమములలో కాలేజీ యధ్యాపకులకు పత్రముల బరువు తగ్గించి బోధనకు ప్రాధాన్యమిచ్చిరి. విశ్వవిద్యాలయమున సహాయాచార్యునిగా చేరుటకు డాక్టరు పట్టము తప్పనిసరి యని ఆ యేడే విధించి, వాయిదాలు వేసి, 2023 జులై మొదలు అక్కఱలేదనిరి. ఒక నియమము వేరూనునంతలో మఱియొకటి వచ్చుచున్నచో పని చేయువా డేమి చేయును?

నియమపుస్తకము ప్రకారము సహాయాచార్యుడు వారమునకు 16 గంటలు, పై యాచార్యులు 14 గంటలు బోధింపవలెను. చూడగా భారము కాదు. మా వారు ఉన్నతపాఠశాలలో అంతకు ఎక్కువయే చెప్పుదురు. కాని మన రాష్ట్రపు విశ్వవిద్యాలయములలో స్థిరోద్యోగములు అనేకము ఏండ్ల తరబడి పూరింపబడక నిలిచిపోయినవి. ఇద్దఱి పని ఒకడు చేయును. లేదా గంట కింత యని యిచ్చి గెస్టు లెక్చరరును పిలుతురు. ఆ పడుచువాడు వచ్చే యేడు ఉండునో లేదో తెలియదు. శోధించుటకు అతనికి తావు లేదు, తరగతిలో నిలదొక్కుకొనుటకు వ్యవధి లేదు.

మా వీథిలో నొక యిల్లాలు కలదు. భర్తకు జీడితోటలో పని. కూతురిని ఎమ్మెస్సీలో చేర్పించినది. ఎచ్చటనో పేరు చెప్పనేల? ఒక్క యేడులో ఒకే పాఠ్యాంశమునకు ముగ్గురు మాఱినారట. మూడవవారు వచ్చునప్పటికి పరీక్ష నెలలోనే యున్నది. ఉండవలసిన పెద్ద ప్రొఫెసరుగారు సభల మీద సభలకు పోవుచున్నారు. ఆమె మా యరుగుమీద కూర్చుండి, "అమ్మగారూ, ఆయన పేపర్లు ఆయన రాసుకుంటే మా పిల్లకి పాఠమెవరు చెప్తారండీ?" అని యడిగినది. "ఆ పేపర్లు రాయకపోతే ఆయనకి ప్రమోషను రాదటమ్మా" అని మా వారు లోపలినుండి చెప్పిరి. "మరి మా పిల్ల పాసైతే ఆయనకేటైనా వస్తాదా, మాస్టారూ?" అని ఆమె మరల నడిగినది. మా వారు ఊరకుండిరి.

ఆ ప్రశ్న లోకములో ఇతరులును అడిగినారు. మంచి శోధకుడు తనంతట మంచి బోధకుడగునను నమ్మకము మనలో చాలమందికి గలదు. హేటీ, మార్షు అను నిద్దఱు పండితులు 1996లో ఈ విషయముపై అంతకుముందు జరిగిన 58 అధ్యయనములను కూర్చి చూడగా, ఆ రెండు గుణములకును సంబంధము ఇంచుమించు సున్న యని తేలినది. ఒకటి యున్నవారికి రెండవది యుండవచ్చును, ఉండకపోవచ్చును. ఒకటి మఱియొకదానిని చెఱుపుననియు తేలలేదు. ఇంగ్లాండులో 1986 మొదలు శోధన నెంచి ధనమిచ్చుచు రాగా, బోధన చిక్కిపోవుచున్నదని మొఱలు పుట్టి, 2017 నాటికి బోధనను తూచుటకు వేఱొక తక్కెడ తేవలసివచ్చినది. అనగా రావుగారి తరగతివంటిది దానంతట జరుగునని చేతులు కట్టుకొని కూర్చుండరాదు, కుదిర్చి పెట్టవలెను.

2020 నాటి జాతీయవిద్యావిధానమువారు వేఱొక దారి చూపినారు. శోధనాప్రధానములైన విశ్వవిద్యాలయములు కొన్ని, బోధనాప్రధానములు కొన్ని, పట్టములిచ్చు స్వతంత్ర కళాశాలలు కొన్ని యుండుననిరి. వీనిని విడదీసి గోడ కట్టుట తమ యభిమతము కాదని వారు చెప్పినను, పేరు పడిన పిమ్మట ధనము పేరు వెంబడి పోవునని మా భయము. మన ప్రాంతము చూడుడు. ఎచ్చెర్లలోని డాక్టరు బి.ఆర్. అంబేద్కరు విశ్వవిద్యాలయము 2008లో ఏర్పడినది; కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము 2019లో విజయనగరమునకు వచ్చినది; గురజాడ పేరిటి సాంకేతిక విశ్వవిద్యాలయము 2022లో. వయస్సున చిన్నవి, సంపదలేనివి. మీరు పాఠము చెప్పుకొనుడు, శోధన పెద్దవారు చూచుకొందురని వీనికి తీర్పైనచో, మన పల్లెపిల్లలకు దక్కునది ఎవరో ఎచ్చటనో వండిన కూర మూడవనాడు వేడిచేసి వడ్డించినట్టిది. ఈ భాగమున మేము సంస్కర్తలతో ఏకీభవింపలేము.

అట్లని ప్రతి యధ్యాపకుడును ప్రతి యేడు పత్రములు వ్రాసి తీఱవలెనని మేమనము. తాతా సుబ్బరాయశాస్త్రిగారు విజయనగరమున వ్యాకరణము చెప్పుచునే శబ్దేందుశేఖరమునకు గురుప్రసాదమను వ్యాఖ్య వ్రాసిరి. అది మార్కులకై వ్రాసినది కాదు. శిష్యుల సందేహములు తీర్చి తీర్చి పండినది. కొందఱి పాండిత్యము అట్లు మెల్లగా పండును. దానికి కాలమీయవలెను.

స్త్రీల మాట వేఱుగ చెప్పవలసియున్నది. పరిశోధన యనునది సాయంకాలములను, సెలవుదినములను మ్రింగునట్టి పని. ఆ సాయంకాలము మగవానికి శోధన, ఆడుదానికి వంటయిల్లు. పి.హెచ్.డి. చేయు స్త్రీలకు గడువుపై రెండేండ్లు అధికముగాను, ప్రసవమునకు బిడ్డపెంపకమునకు 240 దినములు సెలవును 2016 నియమములలో నిచ్చిరి; 2022 నియమములలోను దానిని నిలిపిరి. ఇది చాల మంది తల్లిదండ్రులకు తెలియదు. పెండ్లియైనదని, బిడ్డ పుట్టినదని, గడువు మించినదని చదువు విడిచివేసిన పిల్లలు మీ యింట నుండినచో ఆ నియమమును అడిగి చదివింపుడు. సిద్ధాంతగ్రంథము సమర్పించుటకు ముందు పత్రము అచ్చు వేయించి తీఱవలెనను కట్టుబాటు కూడ 2022లో తొలగినది. ఇకనైన ఆ దొంగపత్రికలకు మన పిల్లలు సొమ్ము కట్టనక్కఱలేదు.

సంస్కరణ మెచ్చట మొదలు కావలెనని మమ్ము నడిగినచో, ఖాళీపదవులను నింపుటలో ననుదుము. తక్కినవన్నియు దాని తరువాతివి. పెద్ద యాచార్యుడు మొదటి యేటి పిల్లలకే పాఠము చెప్పవలెను. చిన్నవారికి వారమున ఒకదినమైన తరగతి లేకుండ విడువవలెను. శోధింపదగిన విషయమునకై దూరము పోనక్కఱలేదు. శ్రీకాకుళపు తీరమున ఉద్దానము పల్లెలలో మూత్రపిండముల వ్యాధి యేండ్లుగా కుటుంబములను కూల్చుచున్నది. దాని మూలకారణము నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో దానికై ఆసుపత్రియు పరిశోధనాకేంద్రమును తెఱచిరి. ఆ పల్లెల బిడ్డలు చేరువనున్న కాలేజీలలోనే రసాయనశాస్త్రము చదువుచున్నారు. ప్రయోగశాలలో ఏటేట ఒకే సీసాలోని ఉప్పును పరీక్షించి పుస్తకమున వ్రాయుటకు మాఱుగా, తమ యింటి నూతినీటిని తెచ్చి పరీక్షింపజేసినచో ఆ యాచార్యుని బోధనాగంట ఒక్కటియు తగ్గదు.

ప్రవేశముల కాలమున పట్టికలో ఎన్ని కోర్సులున్నవి, హాస్టలు గది యెట్లున్నది యని మనము తప్పక అడుగుదుము. ఇంకొన్ని యడుగుడు. ఈ శాఖలో స్థిరముగా నున్న అధ్యాపకు లెందఱు? మంజూరైన పదవు లెన్ని? మొదటి యేడు పాఠము చెప్పువారి పేరేమి? ప్రొఫెసరుగారు తరగతికి వత్తురా? నిరుడు చదివిన పిల్లలలో ఎవరైన ఆయన దగ్గఱ ఏదైన శోధించి వ్రాసినారా, వ్రాసినచో ఒకసారి చూపగలరా? ఆ బల్ల వెనుక గుమాస్తాకు సమాధానము తెలియకపోవచ్చును. శాఖాధ్యక్షుల గది యెచ్చటనో చెప్పుమనుడు.